రచ్చయు అంగడియు

తెలుగున రచ్చ వేఱు, అంగడి వేఱు. సంస్కృత రథ్యాశబ్దమునుండి ప్రాకృతము ద్వారా వచ్చిన రచ్చ మొదట వీథికి పేరై, క్రమముగా నలుగురు గూడి మాటలాడుకొను తావును దెలుపజొచ్చినది. అంగడి సరకునకును వెలకును సంబంధించినది. నేటి నగరములందలి మాల్ అంగడియే అయ్యు రచ్చవలె కానవచ్చును. ఆ పోలిక ఎంతవఱకు నిజమో పరిశీలించుట మా యుద్దేశము.

మాల్‌కు నేటి రూపు దిద్దినవాడు విక్టర్ గ్రూయెన్. వియన్నాలో జన్మించి, 1938లో నాజీలు ఆస్ట్రియాను కలుపుకొనగా అమెరికాకు వలసపోయిన వాస్తుశిల్పి. మినియాపొలిస్ శివారున ఎడైనాలో ఆయన రూపొందించిన సౌత్‌డేల్ 1956లో తెఱవబడినది. పైకప్పు క్రింద, శీతోష్ణములు అదుపులో నుండునట్లు, నడుమ విశాలమైన ముంగిలి నుంచెను. జన్మనగరపు కూడలుల వంటి తావును శివారువాసులకు సమకూర్పవలెనని ఆయన తలంపు. ముంగిలి యేర్పడినది, తాళము మాత్రము యజమాని చేతనే యుండెను. (మన పల్లెల రచ్చబండపై అందఱికిని చోటుండెనని మేమనము. అచ్చట వెలి కులమునుబట్టి. ఇచ్చట వెలి యజమాని యిచ్ఛనుబట్టి.)

ఆ తాళపు బలమెంతయో అమెరికా సుప్రీంకోర్టు పలుమాఱులు విచారించినది. అలబామాలో చికసా అను పట్టణమంతయు ఒక నౌకానిర్మాణ సంస్థ సొత్తు. అచ్చటి కాలిబాటపై మతపత్రికలు పంచిన స్త్రీకి పడిన శిక్షను 1946లో న్యాయస్థానము రద్దు చేసినది. ఊరు ఒకరి సొత్తైనను ఊరి లక్షణము పోదని దాని భావము. 1968లో ఈ న్యాయమునే లోగన్ వ్యాలీ విపణికేంద్రమున పికెటింగు చేసిన కార్మికులకు వర్తింపజేసిరి. నాలుగేండ్లకే త్రోవ మాఱినది. పోర్ట్‌లండ్‌లోని లాయిడ్ సెంటరులో వియత్నాం యుద్ధమునకు వ్యతిరేకముగా కరపత్రములు పంచినవారిని కావలివారు వెడలిపొమ్మనిరి. 1972లో ఐదుగురు న్యాయమూర్తులు యజమాని పక్షమును, నలుగురు కరపత్రములవారి పక్షమును వహించిరి. ఆ నలుగురి వాదమే మాకు సమంజసముగా తోచుచున్నది: పాతవీథిలోని జనము మాల్‌లోనికి తరలినప్పుడు, వారితో మాటాడగోరువాడు మఱెచ్చటికి పోవలెను?

1980 నాటి ప్రూన్‌యార్డ్ తీర్పు వేఱొక వాకిలి తెఱచినది. కాలిఫోర్నియాలో సంతకములు సేకరించుచు వెడలగొట్టబడిన పాఠశాల విద్యార్థులకు ఆ రాష్ట్ర రాజ్యాంగము హక్కు నీయవచ్చునని సుప్రీంకోర్టు అంగీకరించినది. కావున ఒక రాష్ట్రమున హక్కైనది వేఱొక రాష్ట్రమున అతిక్రమణము కావచ్చును. కాలస్థలములను నియమించు అధికారము యజమానికే మిగిలినది. తరువాతి వివాదములు దానిపైననే సాగినవి. మాల్‌లోని దుకాణమునందు కొనవలదని మాల్‌లోనే చెప్పుట కూడ ఆ హక్కులోనిదే యని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2007లో ఫ్యాషన్ వ్యాలీ కేసున నిర్ణయించినది.