తప్పు ఎర్తు వైరుది... శిక్ష సెల్ఫ్ మోటారుకు!

పాత బండి మొరాయిస్తే వరుస తప్పకుండా చూసుకోవాలి

తెల్లవారకముందే పాలకేంద్రానికి చేరాల్సిన బండి. బొత్తాం నొక్కితే ‘టక్’మంటుందే తప్ప ఇంజను తిరగదు. కాలిలో సత్తువ ఉన్నవారు కిక్కు కొట్టి గట్టెక్కుతారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దల గతేమిటి? అర్ధరాత్రి పాముకాటుకో, పురిటి నొప్పులకో బయలుదేరాల్సి వస్తే ఎలా? చాలా బండ్లకు ఇప్పుడు కిక్కే లేదు.

రాజ్‌దూత్, ఎజ్డీల కాలమంతా కిక్కుతోనే గడిచింది. 1984లో కైనెటిక్ హోండా స్కూటరు బొత్తాం రుచి చూపించింది. 2001లో పల్సర్ వచ్చాక ఆ అలవాటు మోటారు సైకిళ్లకూ పాకింది. ఆనాటి బండ్లు కొన్ని నేటికీ పొలాల బాట పడుతూనే ఉన్నాయి. వయసు మీదపడ్డ ఇలాంటి బండి మొండికేస్తే వెంటనే వినిపించే మాట ‘సెల్ఫ్ పోయింది, కొత్త మోటారు వేయాలి’ అని. కొత్త మోటారు ధరకూ, అందులోని కార్బన్ బ్రష్‌ల ధరకూ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంది. ఎర్తు వైరు శుభ్రం చేసుకోవడానికైతే పైసా ఖర్చు లేదు. అందుకే మోటారును చిట్టచివర అనుమానించాలి.

మొదట బ్యాటరీ

హారను మోగుతోంది కదా, బ్యాటరీ బాగానే ఉందనుకుంటే పొరపాటే. హారనుకు రెండు మూడు ఆంపియర్ల కరెంటు చాలు. సెల్ఫ్ మోటారుకు అంతకు పదిరెట్లకు పైగా కావాలి. బ్రేకు తొక్కి వెనుక లైటు వెలిగించి, బొత్తాం నొక్కి చూడాలి. లైటు పూర్తిగా ఆరిపోతే బ్యాటరీ నీరసించిందని గాని, దాని టెర్మినళ్లు వదులయ్యాయని గాని అర్థం. ‘టకటక’మని వరసగా కొట్టుకున్నా అదే లక్షణం. టెర్మినళ్లకు పట్టిన తెల్లటి చిలుమును గీకి, బోల్టులు బిగించాలి.

మీటరు ఉంటే పని తేలిక. నిండుగా చార్జయిన 12 వోల్టుల బ్యాటరీ, బండి ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దాకా చూపిస్తుంది. బొత్తాం నొక్కినప్పుడు 9.5 కంటే కిందికి పడిపోతే ముందు బ్యాటరీని చార్జి చేయించి చూడాలి.

తరువాత రిలే, ఎర్తు

బొత్తాం నొక్కినా అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజు, క్లచ్చు లివరు దగ్గరి స్విచ్చి, సెల్ఫ్ స్విచ్చి చూడాలి. ‘టక్’మని ఒక్కసారి కొట్టి ఊరుకుంటే రిలే దగ్గరకు రావాలి. బండిని న్యూట్రల్‌లో పెట్టి, స్టాండు వేసి, ఎక్కడా పెట్రోలు కారడం లేదని చూసుకున్నాకే ఈ పనికి దిగాలి. రిలే మీది రెండు పెద్ద బోల్టులను పిడి ఉన్న లావు స్క్రూడ్రైవరుతో ఒక్క క్షణం కలపాలి. నిప్పురవ్వలు వస్తాయి, స్క్రూడ్రైవరు బండి బాడీకి తగలకూడదు. అప్పుడు మోటారు చక్కగా తిరిగితే చెడింది రిలేయే.

తిరగకపోతే మరో పరీక్ష ఉంది. బ్యాటరీ నెగెటివ్ నుంచి లావు వైరు ఒకటి నేరుగా మోటారు బాడీకి పట్టి, మళ్లీ బొత్తాం నొక్కాలి. ఈసారి తిరిగిందంటే తప్పు ఎర్తు వైరుదే. అది బిగించిన చోట తుప్పు, రంగు గీకి మళ్లీ బిగిస్తే సరిపోతుంది.

చివరికి మోటారు

ఇవన్నీ సరిగా ఉన్నప్పుడే మోటారు విప్పాలి. ముందుగా బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయాలి. మూతలకూ బాడీకీ కలిపి గుర్తు గీత పెట్టుకోవాలి. వాషర్లు ఏ వరసలో వచ్చాయో ఆ వరసలోనే పేర్చుకోవాలి. లోపల అయస్కాంతాలుంటాయి, సుత్తితో కొడితే పగులుతాయి.

కార్బన్ బ్రష్‌లు సగానికి పైగా అరిగినా, గూళ్లలో ఇరుక్కున్నా కరెంటు అందదు. బ్రష్‌లు రాసుకునే రాగి పలకలు నల్లబడితే సన్నని ఉప్పు కాగితంతో రుద్దాలి. ఎమెరీ పొడి కరెంటును పారనిస్తుంది కాబట్టి ఆ కాగితం వాడరాదు. పలకల మధ్య గాడిలోని మసి తీసేయాలి.

బ్యాటరీకి బల్బు కలిపి, ఒక వైరు రాగి పలకకు, ఇంకొకటి ఇరుసుకు తాకించాలి. బల్బు వెలిగిందంటే ఆర్మేచరు చెడినట్లే. మళ్లీ చుట్టించాలి లేదా మార్చాలి. లోపల ఆయిలు తడి కనిపిస్తే ఆయిలు సీలు కూడా మార్చాలి, లేకుంటే కొత్త బ్రష్‌లూ త్వరలోనే పాడవుతాయి.

మోటారు ‘జుయ్’మని తిరుగుతున్నా ఇంజను కదలకపోతే మోటారు జోలికి పోనవసరం లేదు. జబ్బు ఇంజనులోని వన్‌వే క్లచ్చుదో, పళ్ల చక్రాలదో అయి ఉంటుంది.

బొత్తాం ఒకసారికి ఐదు సెకన్లకు మించి నొక్కరాదు. మళ్లీ నొక్కే ముందు కాసేపు ఆగాలి. పట్టుదలగా నొక్కుతూ పోతే బాగున్న మోటారు కూడా మాడిపోతుంది.

షెడ్డులో బండి అప్పగించేటప్పుడు ‘బ్యాటరీ, రిలే, ఎర్తు చూశారా?’ అని అడగడం వాహనదారుని హక్కు. మోటారు మార్చాల్సి వస్తే తీసిన పాత మోటారును అడిగి తీసుకోవాలి. దాని మూత విప్పి బ్రష్‌లు చూస్తే, మార్చడం అవసరమో కాదో అక్కడే తేలిపోతుంది.