మునేటిని కాపాడుకొనుట: గ్రామపంచాయతీల కర్తవ్యము

గ్రామములో పొలమునకు పట్టా కలదు; ఇంటికి దస్తావేజు కలదు. ఊరి ప్రక్కన పారు ఏటికి మాత్రము ఎవరి పెట్టెలోను కాగితము లేదు. అది అందరిదియు అగుటచేత దానిని వాడుకొనువారు అందరును ఉందురు గాని, కనిపెట్టి చూచువారు అరుదుగా నుందురు. ఈ లోటును పూరింపగలది గ్రామపంచాయతీయే. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములలో మునేటి ఒడ్డున గల పంచాయతీల సభ్యులు ఈ విషయమున ఏమి తెలిసికొనవలెనో, ఏమి చేయవచ్చునో ఇచ్చట వివరింప తలచితిమి.

మెరక సీమకు ఏరే ఆధారము

కృష్ణా జిల్లా అనగానే చాలమందికి డెల్టా కాలువలును, వరి మళ్ళును జ్ఞాపకమునకు వచ్చును. నందిగామ, జగ్గయ్యపేటలు ఆ జిల్లాలోని మెరక తాలూకాలు. 2022 ఏప్రిల్ 4వ తేదీ నుండి ఇవి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. జిల్లా పేరు మారినను నేల వాలు మారలేదు. నాగార్జునసాగరు ఎడమ కాలువ వచ్చుటకు పూర్వము ఈ మెరక పొలములకు వానయు, బావియు, ఏరును తప్ప వేరు దిక్కు లేకుండెను. జగ్గయ్యపేట ధనబోడుపై గల బౌద్ధ స్తూపము, సుమారు 2 వేల ఏండ్ల క్రిందటనే పాలేటికి చేరువగా జనులు స్థిరపడి యుండిరని చాటుచున్నది. నీరున్న చోటనే ఊరు నిలుచునని మన పూర్వులు ఎరిగియుండిరి.

మునేరు పూర్వపు వరంగల్లు జిల్లాలో పుట్టి, ఖమ్మము పట్టణమును ఒరసికొని, వత్సవాయి, పెనుగంచిప్రోలు మండలముల మీదుగా వచ్చి, చందర్లపాడు మండలమందలి ఏటూరు సమీపమున కృష్ణలో కలియును. నందిగామ మండలమందలి దాములూరు కడ వైరాయు, కట్టలేరును కలిసికొనును. ఆ నీరును పిమ్మట మునేటిలోనే చేరును. ఇట్లు సుమారు 10 వేల చదరపు కిలోమీటర్ల నేలపై కురిసిన వాన ఈ ఒక్క ఏటి దారిని పట్టును. 19వ శతాబ్దాంతమున పోలంపల్లి వద్ద దీనిపై ఆనకట్ట కట్టబడినది. నీటిపారుదల దస్తరములలో దీనిని ‘మునియేరు’ అని వ్రాయుదురు. ఆ ఆనకట్ట క్రింద సుమారు 16 వేల ఎకరముల ఆయకట్టు కలదు.

ఇసుకయే ఏటి కుండ

మునేరు వాన మీద ఆధారపడిన ఏరు. వర్షకాలమున ఉరకలు వేయును. వేసవిలో ఇసుక మేటల నడుమ సన్నని పాయగా మిగులును. అట్టి వేళ ‘ఏరెండిపోయినది’ అందుము. నిజమునకు ఏరు పైకి ఎండినను లోపల ఎండదు. ఇసుకలో చెలమ త్రవ్వినచో నీరూరుట మన పెద్దలందరికి అనుభవమే. ఏటి ఇసుక రేణువుల నడుమ ఖాళీలు గలవు. వాన రోజులలో ఆ ఖాళీలు నీటితో నిండును. పై పొర యెండకు ఆరిపోయినను, క్రింది నీటికి అదియే మూతవలె పనిచేయును.

ఈ నీటి కొలతను మనము స్వయముగా లెక్క వేయవచ్చును. ఒక ఎకరము అనగా 4,047 చదరపు మీటర్లు. ఆ మేర 2 మీటర్ల మందమున ఇసుక యున్నచో, మొత్తము 8 వేల ఘనపు మీటర్లు. నీటితో నిండిన ఇసుకనుండి సుమారు నాలుగవ వంతు నీరు బావిలోనికి ఊరునని అనుకొందము. అది 2 వేల ఘనపు మీటర్లు, అనగా 20 లక్షల లీటర్లు. జలజీవన్ మిషన్ లెక్క ప్రకారము మనిషికి దినమునకు 55 లీటర్లు కావలెను. 1,000 మంది గల ఊరికి ఒక్క ఎకరము ఇసుకలోని నీరు 36 దినములు సరిపోవును. ఆ ఇసుకను లారీలకెత్తి పంపినపుడు మనము పంపినది ఇసుక మాత్రమే కాదు. ఊరి వారి నెల దినముల త్రాగునీటి కుండను కూడ పగులగొట్టి పంపితిమి. వరద వచ్చి మరల నింపుటకు నీరు దొరకును గాని, ఆ నీటిని పట్టి యుంచు కుండ దొరకదు.

నష్టము ఏటిలోనే ఆగదు. ఒడ్డున గల పొలముల బావులలో నీటి మట్టము ఏటి అడుగు మట్టమును అనుసరించి యుండును. ఏటి అడుగు లోతు పడిన కొలది, ఇరుప్రక్కల భూగర్భజలము ఆ లోతులోనికి ఊరి జారిపోవును. అందుచేత ఏటికి దూరముగా నున్న రైతు కూడ తన బోరు ఏల అడుగంటెనో తెలియక మరికొన్ని అడుగులు దింపించుకొనును.

గుంతల వలన ప్రాణభయమును కలదు. పైకి సమముగా కనిపించు నీటి క్రింద మడుగు ఉన్నదో, గుంత ఉన్నదో ఒడ్డున నిలిచిన వానికి తెలియదు. 2022 జనవరిలో ఏటూరు వద్ద మునేటిలో దిగిన ఐదుగురు బాలురు మునిగి మరణించిరి. ఆ దుఃఖమును తలచుకొనిన ఏ పంచాయతీయు తన ఊరి రేవులో లోతు ఎచ్చట నున్నదో గుర్తు పెట్టించుటకు ఆలస్యము చేయరాదు.

చట్టము ఏమి చెప్పుచున్నది

ఇసుక అక్కరలేనివారు లేరు. ఇల్లు కట్టుకొనువానికి, బడి గోడకు, ఊరి రోడ్డుకు ఇసుక కావలసినదే. ఎంత, ఎచ్చట, ఎట్లు తీయవలెనన్నదే ప్రశ్న. నీరు, భూమి, వృక్ష సంరక్షణ చట్టము 2002లో వచ్చినది. దీనినే వాల్టా చట్టమని పిలుచుచున్నాము. 2004లో ఏర్పడిన దాని నిబంధనలలో ఇసుకను గూర్చి స్పష్టమైన హద్దులు గలవు. వానిలో ముఖ్యమైనవి:

1. ఇసుక మందము 2 మీటర్లకు తక్కువ యున్న చోట త్రవ్వరాదు.

2. మందము 3 మొదలు 8 మీటర్ల వరకు ఉన్నచో 1 మీటరు, 8 మీటర్లకు మించినచో 2 మీటర్ల లోతు మాత్రమే తీయవచ్చును.

3. వంతెనలు, ఆనకట్టలు, మంచినీటి బావులు మొదలగువానికి 500 మీటర్ల లోపల త్రవ్వకము కూడదు.

4. చిన్న వాగులలోని ఇసుక ఆ వాగు ఒడ్డునగల ఊళ్ళ అవసరములకే వాడవలెను. యంత్రవాహనములపై బయటికి తరలింపరాదు.

2024 జూలై నుండి రాష్ట్రములో ఉచిత ఇసుక విధానము అమలులోనికి వచ్చినది. ఇసుకకు ధర లేకపోవుట అనగా హద్దు లేకపోవుట కాదు. ఈ భేదమును గ్రామసభలో అందరికి అర్థమగునట్లు చెప్పవలసిన బాధ్యత సభ్యులపై కలదు.

వరద నేర్పిన పాఠము

ఎండకాలమున ఇసుకను గూర్చి ఎంత జాగ్రత్త అవసరమో, వానకాలమున గట్టును గూర్చి అంత జాగ్రత్త అవసరము. 2023 జూలై చివరి వారమున మునేరు పొంగి, ఐతవరము వద్ద హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారిపై ప్రవహించినందున రాకపోకలు నిలిచినవి. మరుసటి యేడు, అనగా 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన కుంభవృష్టికి జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములు మరల జలమయమైనవి. గరికపాడు కడ పాలేటి వంతెన దెబ్బతినినది. ఆ సమయముననే ప్రకాశం బ్యారేజి వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైనది. అంతకు మున్నెన్నడును అంత నీరు అచ్చట రాలేదు.

కృష్ణ నిండుగా పారునపుడు మునేటి నీరు దానిలోనికి త్వరగా దిగజాలదు, వెనుకకు ఎగదట్టును. ఆ నీటికి ఒడ్డున కొంత చోటు కావలెను. ఏటి పోరంబోకు పనికిమాలిన నేలగా కనిపించును గాని, అది వరద వచ్చి విశ్రమించు స్థలము. దానిని దున్నినను, మెరక చేసినను, అక్కడ దొడ్డి కట్టినను, ఆ చోటు పోగొట్టుకొనిన నీరు మరియొకరి ఇంటిలో చోటు వెదకికొనును. కావున పోరంబోకు హద్దులను సర్వేయరుచే కొలిపించి, రాళ్ళు నాటించి, చెట్లు పెంచుట ఊరికి భీమా వంటిది.

పండుగనాటి శ్రద్ధ

మన జనులకు ఏటిపై భక్తి లేదనుట సరికాదు. మాఘమాసమున పెనుగంచిప్రోలులో శ్రీ తిరుపతమ్మ తిరునాళ్ళకు ఎన్నియో ఊళ్ళ నుండి బండ్లు కదలును. మునేటిలో స్నానము చేసి గాని భక్తులు అమ్మవారిని దర్శింపరు. రెండేండ్లకొకసారి అమ్మవారి ప్రతిమలను ఊరేగింపుగా జగ్గయ్యపేటలోని రంగుబజారుకు తెచ్చి, రంగులు వేయించి తిరిగి కొనిపోవుదురు. దారిలోని ప్రతి గ్రామము ఎదురేగి స్వాగతమిచ్చును. ఎవరి వంతు ఏదో, ఎవరి పని ఏదో అందరికిని ఎరుకయే. కార్తికమున ఆడపడుచులు నీటిలో దీపములు వదలుదురు. 2016 ఆగస్టులో జరిగిన కృష్ణా పుష్కరములకు వేదాద్రి, ముక్త్యాల రేవులలో జనము పోటెత్తిరి. 2028లో మరల పుష్కరములు రానున్నవి.

ఇంతటి కట్టుబాటు గల సమాజమునకు ఏటిని శుభ్రముగా నుంచుట అసాధ్యమగునా? తిరునాళ్ళ ముగిసిన మరునాడు రేవునకు పోయి చూచినచో ప్లాస్టికు సంచులు, విస్తళ్ళు, పాత బట్టలు కనిపించును. తల్లిగా కొలిచిన ఏటికి మనము మిగిల్చినది అది. ఉత్సవమునకు ముందు పందిళ్ళు వేయుటకు ఒక సంఘమును ఏర్పరచినట్లే, ఉత్సవానంతరము రేవు శుభ్రపరచుటకును ఒక సంఘమును ముందుగానే ఏర్పరుపవలెను. వినాయక చవితికి మట్టి ప్రతిమలనే పూజింపవలెనని గ్రామసభ తీర్మానించినచో కుమ్మరికి పని దొరకును, ఏటికి రంగుల విషము తప్పును.

కలిసిన ఊళ్ళు సాధించినవి

ఏరు ఒక పంచాయతీ హద్దులో పుట్టి అందే ముగియదు. ఎగువ ఊరి మురుగు దిగువ ఊరి మంచినీరగుచున్నది. కావున ఊళ్ళు కలియక తప్పదు. కలిసిన ఊళ్ళ బలమును ఈ ప్రాంతము ఇదివరకే చూచినది. నాగార్జునసాగరు నిర్మాణమునకై పాటుపడిన ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ గారి కథ మనకు సుపరిచితమే. 1952లో ఖోస్లా సంఘము నందికొండ స్థలమును చూడ రానున్నప్పుడు అచ్చటికి కారు పోవు దారి లేకుండెను. వారు సొంత ధనమును వెచ్చించి, మాచెర్ల ప్రాంతపు గ్రామస్థుల శ్రమతో దారిని బాగు చేయించిరి. 1955 డిసెంబరు 10న పండిత నెహ్రూ ఆ ప్రాజెక్టుకు శంకుస్థాపన గావించిరి. ఊరివారు పార పట్టి సిద్ధపరచిన ఆ దారి గొప్ప కార్యమునకు తోడ్పడినది.

రాజస్థానమందలి ఆల్వారు జిల్లాలో అర్వరీ అను చిన్న నది వానకాలము దాటగనే ఎండిపోవుచుండెడిది. 1980 దశకపు రెండవ భాగము నుండి అచ్చటి గ్రామస్థులు, తరుణ్ భారత్ సంఘ్ అను సంస్థ తోడ్పాటుతో, జోహడ్లు అనబడు మట్టికట్టల కుంటలను వందల కొలదిగా నిర్మించుకొనిరి. వాన నీరు నేలలో ఇంకినది. 1990 దశకమున నది ఏడాది పొడవునను పారసాగినది. నీరు రాగానే ‘ఎవరిది’ అను తగవు వచ్చునని గ్రహించి, 1999లో సుమారు 70 గ్రామముల ప్రతినిధులతో ‘అర్వరీ సంసద్’ అను సభను ఏర్పరచుకొనిరి. నీరెక్కువ త్రాగు పంటలు వేయరాదని ఆ సభలో తమకు తామే కట్టడి చేసికొనిరి. దానికి చట్టబలము లేదు. ఊళ్ళ మాటబలమే దాని బలము.

పంచాయతీలు వెంటనే చేయదగినవి

మొదటిది: గ్రామసభలో ఏటిని ఒక ప్రత్యేక విషయముగా చర్చకు పెట్టి, రేవు, ఇసుక, పోరంబోకు, మురుగు అను నాలుగింటిపై తీర్మానములు వ్రాయించుట.

రెండవది: మంచినీటి బావికి నలుదెసల 500 మీటర్ల హద్దును అందరికి కనిపించునట్లు గుర్తించుట; హద్దు మీరి త్రవ్వినచో తహశీల్దారుకును, గనుల శాఖకును వ్రాతమూలకముగా తెలుపుట.

మూడవది: ఊరి మురుగు నేరుగా ఏటిలో పడకుండ, ఇంటింట ఇంకుడు గుంతలును, కాలువ చివర మురుగు నిలిచి తేరుకొను గుంటయు త్రవ్వించుట. ఇట్టి పనులకు ఉపాధి హామీ పథకము తోడ్పడును.

నాలుగవది: ఊరి బావులలో రెండింటిని ఎన్నుకొని, నెలకొకసారి నీటిమట్టమును తాడుతో కొలిచి, పంచాయతీ గోడపై వ్రాయించుట. బడి పిల్లలకు ఈ పని అప్పగింపవచ్చును. అంకెలు కనుల యెదుట నున్నప్పుడు వాదములు తగ్గును.

ఐదవది: పోలంపల్లి నుండి ఏటూరు వరకు గల పంచాయతీల సర్పంచులును, సభ్యులును, నీటి వినియోగదారుల సంఘములవారును ఏటా రెండు పర్యాయములు ఒకచోట కూడుట. వానకాలమునకు ముందొకసారి, తిరునాళ్ళకు ముందొకసారి కూడినచో వరద జాగ్రత్తలును, రేవుల శుభ్రతయు రెండును నెరవేరును.

వీనిలో ఏదియు పెద్ద ధనము కోరునది కాదు. కొలత టేపు, తాడు, కొన్ని హద్దురాళ్ళు, తీర్మానముల పుస్తకము, వీనికి మించి కావలసినది సభ్యుల పట్టుదల. సభ్యుల పదవీకాలము 5 ఏండ్లు. ఆ 5 ఏండ్లలో తన ఊరి రేవున ఇసుక తరుగకుండ, బావి ఎండకుండ, పిల్లలు నిర్భయముగా నీట దిగునట్లు చేసిన సభ్యుని ఆ ఊరు మరువదు. రానున్న వర్షకాలమునకు ముందే ఈ విషయమును మీ గ్రామసభ ముందు పెట్టుదురని విశ్వసించుచున్నాము.