కరకరలాడే క్యాబేజీ

తెలుగువారి భోజనంలో పచ్చిగా తినే పదార్థాలు లేకపోలేదు. శ్రీరామనవమినాడు పంచిపెట్టే వడపప్పులో నానిన పెసరపప్పు, కొబ్బరికోరు, మామిడికాయ తురుము నిప్పుసెగ ఎరుగకుండానే కలుస్తాయి. ఉల్లిపాయ, కీరదోస, క్యారెట్ తరుగును పెరుగులో కలుపుకోవడమూ పరిపాటే. అయితే క్యాబేజీకి మాత్రం ఈ పంక్తిలో చోటు దక్కలేదు. పెసరపప్పు వేసిన కూరగానో, కొబ్బరి చల్లిన వేపుడుగానో, పచ్చడిగానో మారడానికి అది పొయ్యి మీదికి ఎక్కవలసిందే. పచ్చి క్యాబేజీ అనగానే చాలా ఇళ్లలో రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. ఒకటి దాని వాసన. రెండవది, అందులోని పురుగు మెదడుకు ఎక్కుతుందన్న భయం. మొదటిది రుచికి సంబంధించినది. రెండవది ప్రాణానికి సంబంధించినది. క్యాబేజీ సలాడును ఇంట్లో చేసుకోదలచినవారు ఈ రెండింటినీ పరిశీలించకుండా కత్తి పట్టడం మంచిది కాదు.

సన్నగా తరిగిన క్యాబేజీలో సోయాసాస్, వెనిగర్, నువ్వులనూనె, అల్లం కలిపి, పైన వేయించిన గింజలు చల్లిన వంటకాన్ని ‘ఆసియా తరహా సలాడు’ అని పిలుస్తారు. పేరు ఆసియాదే గాని, ఈ రూపం స్థిరపడినది అమెరికా వంటిళ్లలో. జపానులో మొమొఫుకు ఆండో 1958లో రూపొందించిన ఇన్‌స్టంట్ నూడుల్స్‌ను అక్కడివారు ఉడికించకుండానే నలిపి, కరకర కోసం ఇందులో చల్లుకోవడం అలవాటు చేసుకున్నారు. చైనా గృహిణులలో చాలామందికి ఈ సలాడు వింతగానే తోచి ఉంటుంది. ఆ దేశంలో శతాబ్దాల తరబడి మానవమలాన్ని పొలాలకు ఎరువుగా వాడారు. అమెరికా వ్యవసాయ శాస్త్రజ్ఞుడు ఎఫ్.హెచ్. కింగ్ 1909లో తూర్పు ఆసియాలో పర్యటించి, ఆ పద్ధతిని తన గ్రంథంలో విస్తారంగా వర్ణించాడు. అటువంటి నేలలో పండిన ఆకును పెనంలో ఒక్క తిప్పయినా తిప్పకుండా తినకపోవడం అనుభవం నేర్పిన జాగ్రత్త.

ఆసియాలో పచ్చి క్యాబేజీ సంప్రదాయం అసలే లేదని దీని అర్థం కాదు. వియత్నాంలో ‘గోయ్ గా’ అనే వంటకం ఉంది. ఉడికించి చీల్చిన కోడిమాంసం, సన్నని క్యాబేజీ తరుగు, నిమ్మరసం, చేపల సాస్, సువాసన గల ఆకులు, దంచిన వేరుసెనగపప్పు కలిపి దానిని తయారుచేస్తారు. జపానులో ‘టోంకాత్సు’ అనే పందిమాంసపు వేపుడు పక్కన దారాలవంటి పచ్చి క్యాబేజీ తరుగును కుప్పగా పోయడం ఆనవాయితీ. కొరియావారు చైనా క్యాబేజీని ఉప్పులో మగ్గబెట్టి కిమ్చి చేస్తారు. చలికాలానికి ముందు ఇరుగుపొరుగువారు కలిసి కిమ్చి పెట్టుకొనే దక్షిణ కొరియా ఆచారాన్ని 2013లో యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ వంటలన్నీ రుచిలో వేరైనా, పంటికింద కరకరలాడే గుణం వాటన్నిటికీ ఉమ్మడి.

ఈ కరకర ఎక్కడి నుండి వస్తుంది? క్యాబేజీ బరువులో నూటికి తొంభై పాళ్లకు పైగా నీరే. ఆకులోని ప్రతి కణమూ నీటితో నిండిన తిత్తివంటిది. లోపలి నీరు వెలుపలికి నెడుతూ ఉంటే, గట్టి కణకవచం దానిని అదిమి పట్టి ఉంచుతుంది. వృక్షశాస్త్రం ఈ ఒత్తిడిని స్ఫీత పీడనం అంటుంది. గాలి బాగా కొట్టిన సైకిల్ ట్యూబు బిగుతు వంటిదే ఇదీ. పన్ను దిగినప్పుడు బిగిసి ఉన్న కణాలు పటపట పగులుతాయి. ఆ శబ్దమే కరకర. ఆకు వాడితే కణాలలో నీరు తగ్గి, పన్ను కింద అది పగలక సాగుతుంది. తరుగును పావుగంట సేపు మంచుముక్కలు వేసిన మంచినీటిలో ఉంచితే, ద్రవాభిసరణం ద్వారా నీరు మళ్లీ కణాలలోకి చేరి బిగువు తిరిగి వస్తుంది.

ఉప్పు చేసే పని దీనికి విరుద్ధం. తరుగుపై ఉప్పు పడగానే వెలుపలి గాఢత పెరిగి, కణాలలోని నీరు బయటికి వస్తుంది. పళ్లెం అడుగున నీరు ఊరుతుంది, సోయాసాస్, పులుపు పలుచబడతాయి, తరుగు మెత్తబడుతుంది. ఉదయం కలిపి కారియరులో సర్దిన సలాడు మధ్యాహ్నానికి నీళ్లోడుతూ దర్శనమివ్వడానికి కారణం చేసినవారి చేతివాటం కాదు, ఉప్పు కలిపిన వేళ. అందువల్ల ఉప్పు, సోయాసాస్, నిమ్మరసం వడ్డించే ముందు మాత్రమే కలపాలి. ముందుగానే కలపవలసివస్తే మరొక మార్గం ఉంది. తరుగుకు కొద్దిగా ఉప్పు పట్టించి ఇరవై నిమిషాలు ఉంచి, ఊరిన నీటిని గట్టిగా పిండివేయాలి. కణాలు నీరు కోల్పోయినా కణకవచాల గట్టితనం మిగిలే ఉంటుంది గనుక, ఆ తరుగు కొంత వంగుతూనే కొరుకుడు పడుతుంది. కిమ్చిలోని కరకర ఈ జాతికి చెందినదే. నీరు ముందే పోయింది గనుక తరువాత వేసిన సాస్ కూడా పలుచబడదు.

ఇక వాసన సంగతి. క్యాబేజీ, ఆవ ఒకే ప్రజాతికి చెందిన మొక్కలు. ఆవగింజలోనూ, క్యాబేజీ ఆకులోనూ సినిగ్రిన్ అనే గంధక సమ్మేళనం ఉంటుంది. దానిని విడగొట్టే మైరోసినేజ్ అనే ఎంజైము అక్కడే వేరొక అరలో ఉంటుంది. నలిగినప్పుడు రెండూ కలిసి ఘాటు పుడుతుంది. ఆవపిండికి నీరు తగలగానే ముక్కుపుటాలు అదరడానికి కారణమిదే. ఆవకాయను ప్రీతిగా తినేవారు పచ్చి క్యాబేజీ వాసనకు ముఖం చిట్లించడం ఒకింత వింత. మొద్దుబారిన కత్తి కణాలను కోయక నలుపుతుంది కాబట్టి ఘాటును పెంచుతుంది. పదునైన కత్తితో సన్నగా తరిగి, చల్లని నీటిలో ఒకసారి జాడిస్తే అది చాలామటుకు తగ్గుతుంది.

రెండవ అభ్యంతరం అంత తేలికగా తీసివేయదగినది కాదు. క్యాబేజీ పొరల మధ్య కనిపించే చిన్న ఆకుపచ్చ పురుగు సాధారణంగా డైమండ్‌బ్యాక్ మాత్ అనే రెక్కలపురుగు గొంగళిదశ. అది ఆకును తింటుందే గాని మనిషి మెదడు జోలికి పోదు. మెదడుకు చేరేది కంటికి కనబడని వేరొక జీవి. టీనియా సోలియం అనే బద్దెపురుగు సరిగా ఉడకని పందిమాంసం ద్వారా మనిషి పేగులలో చేరి పెరుగుతుంది. దాని గుడ్లు ఆ మనిషి మలంతో బయటపడతాయి. బహిరంగ మలవిసర్జన జరిగే చోట, మురుగునీరు పారే మడులలో ఆ గుడ్లు కూరగాయలకు అంటుకుంటాయి. చేతులు శుభ్రం చేసుకోనివారి వల్ల భోజనంలోనూ కలుస్తాయి. మింగిన గుడ్ల నుండి వెలువడిన డింభకాలు రక్తం ద్వారా కండరాలకు, కళ్లకు, మెదడుకు చేరి తిత్తులుగా స్థిరపడతాయి. మెదడులో స్థిరపడితే అది న్యూరోసిస్టిసెర్కోసిస్ అనే వ్యాధి. నివారించదగిన మూర్ఛలకు ప్రపంచంలో ఎక్కువగా కారణమవుతున్న వాటిలో దీనిని ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందు వరుసలో చేర్చింది. మాంసం ముట్టనివారికి సైతం ఈ వ్యాధి రావడంలో ఆశ్చర్యం లేదు. దోషం క్యాబేజీది కాదు, దానిపై పారిన నీటిది.

కనుక కడగడమే ఈ వంటలో అన్నిటికంటే ముఖ్యమైన పని. పైనున్న రెండు మూడు ఆకులను పారవేయాలి; పురుగుమందుల అవశేషాలూ, మట్టీ ఎక్కువగా వాటిపైనే ఉంటాయి. కాయను నాలుగు చెక్కలుగా కోసి, మధ్యనున్న మొద్దును తీసివేసి, ఆకులను విడదీసి, ఒక్కొక్క ఆకును తాగడానికి పనికివచ్చే ధారనీటి కింద చేతితో రుద్ది కడగాలి. ఉప్పునీటిలో నానబెడితే దాగిన గొంగళ్లు బయటికి వస్తాయి గాని, బద్దెపురుగు గుడ్లు చావవు. వెనిగర్‌కూ ఆ శక్తి లేదు. రుద్ది కడగడం వాటిని తొలగిస్తుంది, ఉడికించడం చంపుతుంది. ఏ నీటితో పండినదో అనుమానం ఉన్న క్యాబేజీని, కడగడానికి మంచినీరు చాలని చోట, కూరగా వండుకోవడమే ఉచితం.

ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్నకు ఒక సమాధానం విటమిన్ సి. నూరు గ్రాముల పచ్చి క్యాబేజీలో అది సుమారు 36 మిల్లీగ్రాములు ఉంటుంది. నీటిలో ఉడికించి వార్చేస్తే చాలాభాగం ఆ నీటితోనే పోతుంది. 1768లో సముద్రయానానికి బయలుదేరిన జేమ్స్ కుక్ స్కర్వీ వ్యాధిని అరికట్టే ఆశతో ఉప్పులో పులియబెట్టిన క్యాబేజీని ఓడలో నింపుకున్నాడు. నావికులు మొదట దానిని ముట్టలేదు. అధికారుల బల్లపై దానిని రోజూ వడ్డించేటట్లు ఏర్పాటు చేయగా, కొద్ది రోజులకే వారూ అడిగి తినసాగారు.

నలుగురికి అరకిలో క్యాబేజీ సరిపోతుంది. కడిగి తరిగిన దానిని చల్లని నీటిలో ఉంచి, తీసి, శుభ్రమైన గుడ్డపై పూర్తిగా ఆరబెట్టాలి; తడి మిగిలితే సాస్ తరుగుకు పట్టదు. ఒక క్యారెట్ తురుము, నాలుగు ఉల్లికాడల తరుగు, గుప్పెడు కొత్తిమీర చేర్చాలి. గిన్నెలో రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, ఒక పెద్ద చెంచా సోయాసాస్, రెండు చిన్న చెంచాల పంచదార లేక బెల్లం తురుము, చిన్న అల్లం ముక్క తురుము, చిటికెడు మిరపపొడి, ఒక పెద్ద చెంచా నువ్వులనూనె వేసి గిలకొట్టాలి. సోయాసాస్‌లో ఉప్పు దండిగా ఉంటుంది. రుచి చూడకుండా వేరే ఉప్పు వేయరాదు. తూర్పు ఆసియా నువ్వులనూనె వేయించిన నువ్వుల నుండి తీసినది. మన గానుగనూనె సాధారణంగా పచ్చి నువ్వులది గనుక ఆ సువాసన రాదు. రెండు చెంచాల నువ్వులను దోరగా వేయించి, కచ్చాపచ్చాగా దంచి కలిపితే ఆ లోటు తీరుతుంది. వేయించి పొట్టు తీసిన వేరుసెనగపప్పు చివరగా చల్లాలి.

విస్తళ్లు వేసిన తరువాతనే సాస్ పోసి కలపాలి. సాస్ కలపని తరుగు మూతపెట్టిన డబ్బాలో, ఫ్రిజ్‌లో మరునాటి వరకు బిగువు తప్పకుండా ఉంటుంది. కలిపినది మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లో ఉంచి, మరునాడు నీరు పిండి, ఆవాలు, ఎండుమిరపకాయల తాలింపులో వేయించుకొంటే మంచి వేపుడు అవుతుంది.