తల తిరుగుట, దిగులు

గడచిన విద్యాసంవత్సరమున హాజరుపట్టీలు తిరుగవేయుచుండగా, పదవ తరగతి బాలిక యొకతె మూడు నెలలలో 20 దినములకు పైగా బడి మానినట్లు కనబడినది. చదువున వెనుకబడిన పిల్ల కాదు. పిలిచి అడిగితిమి. "అమ్మకు తల తిరుగుతోందండి, ఒక్కర్తెనూ వదిలి రాలేకపోతున్నాను" అన్నది. తల్లి బీడీలు చుట్టి సంసారము నడుపునామె. ఒకనాటి యుదయమున పక్కమీదినుండి లేవగనే ఇల్లంతయు గిఱ్ఱున తిరిగి పడిపోయినదట. పరీక్షలలో ఏ దోషమును కనబడలేదు. అయినను నాటినుండి ఆమె కార్ఖానాకు బీడీలు అప్పగించుటకు గూడ పోలేకున్నది. ఇంట పెద్దలు పైత్యమనిరి. పొరుగువారు దిష్టి యనిరి. భర్త, "పరీక్షల్లో ఏమీ లేదన్నప్పుడు ఇంకేముంది, అంతా నటన" అని విసుగుకొనెను. ఈ మూడును కాదని చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ముందుగా మాటల సంగతి. మన షోలాపూరులో డాక్టరుగారి యెదుట మనవారు అన్నిటికిని 'చక్కర్' అను మరాఠీ మాటనే వాడుదురు. (అది ఇంటనున్న ముసలమ్మలకు చక్కెరగా వినబడుట వేరొక ముచ్చట.) కాని తెలుగులో మూడు బాధలకు మూడు మాటలు కలవు. పరిసరములన్నియు గిఱ్ఱున తిరుగుట యొకటి. ఇది తరచు చెవికి సంబంధించినది. కూర్చుండి లేవగనే కన్నులు బైర్లు కమ్ముట రెండవది. దీనికి రక్తపుపోటు తగ్గుటయో, రక్తహీనతయో, ఉపవాసమో కారణము కావచ్చును. తిరుగుట లేకయే, పడవలో నిలిచినట్లు తూలుచున్నట్లుండుట మూడవది. దీనిలో దిగులునకు పాలు హెచ్చు. ఇందు తమకు కలుగునది ఏదో, ఎంతసేపుండునో, ఏ కదలికతో వచ్చునో వివరించి చెప్పినచో వైద్యునకు సగము పని తీరును.

చెవి వినుటకే యని మనము పిల్లలకు చెప్పుచుందుము. అది సగము మాటయే. లోపలిచెవిలో మూడు అర్ధచంద్రాకారపు గొట్టములు కలవు, వానిలో ద్రవముండును. తల త్రిప్పినపుడు ఆ ద్రవపు కదలికను సన్నని కేశములు గల కణములు పసిగట్టి మెదడునకు తెలుపును. వియన్నా వైద్యుడు రాబర్ట్ బారానీ, రోగుల చెవులు కడుగునపుడు నీరు చల్లగానున్నచో కన్నులు ఒక వైపునకును, వెచ్చగానున్నచో ఎదురు వైపునకును ఊగుటయు, వారికి తల తిరుగుటయు గమనించి ఈ మర్మమును వివరించెను. అందులకు ఆయనకు 1914వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది. ఆ వార్త అందునాటికి ఆయన రష్యావారి చేత యుద్ధఖైదీగా నుండెను.

ఆ గొట్టముల దాపుననే రెండు చిన్న సంచులును, వానిలో సున్నపు జాతికి చెందిన సూక్ష్మమైన రవ్వలును కలవు. వయస్సుచేతనో, తలకు దెబ్బ తగులుటచేతనో, ఒక్కొక్కప్పుడు ఏ కారణమును లేకయో ఆ రవ్వలు ఊడి గొట్టములోనికి జారినచో, పక్కమీద ప్రక్కకు దొర్లినను, అటకవైపు తలయెత్తినను లోకము తిరిగిపోవును. సాధారణముగా ఒక నిమిషము లోపుననే ఆగును. ఈ బాధ మాకును అనుభవమే. పక్షవాతమే వచ్చినదని హడలిపోతిమి. ఒకచోట ఆరు నెలలు బిళ్లలు మ్రింగితిమి. బిళ్లలు రవ్వలను కదల్చలేవని తరువాత తెలిసినది. జాన్ ఎప్లీ అను అమెరికా వైద్యుడు 1992లో ప్రకటించిన పద్ధతి యొకటి కలదు: తలను వరుసగా కొన్ని దిక్కులకు త్రిప్పి రవ్వలను మరల సంచిలోనికి జార్చుట. చెవి వైద్యులు పది నిమిషములలో అది చేసిరి, తిరుగుట ఆగినది.

కాని భయము ఆగలేదు. ప్రార్థనవేళ వేదికపై నిలిచినపుడెల్ల బల్లను పట్టుకొనుచుంటిమి. మెదడులో చెవి వార్తలు చేరు స్థానములకును, భయమును గుండెదడను నడపు స్థానములకును దగ్గరి సంబంధము కలదు. పడిపోవుదుమను భయము ప్రాణికి పుట్టుకతో వచ్చినది. అందుచేత తల తిరిగినచో దిగులు పుట్టును. దిగులు చేత మెడ బిగియును, అడుగడుగును పరికించి వేయుదుము. శరీరము తనంతట చేసికొను పనిని మనస్సు చేతిలోనికి తీసికొన్నచో అది చెడును. ఊపిరియు మారును. కంగారులో వడివడిగా శ్వాసించినచో రక్తములో బొగ్గుపులుసు వాయువు తగ్గి, మెదడునకు పోవు రక్తనాళములు కుంచించుకొని, తల తేలికయై, వ్రేళ్లు తిమ్మిరులెక్కును. దానిని చూచి భయము మరింత హెచ్చును.

ఈ చక్రము మూడు నెలలు దాటి, దాదాపు ప్రతి దినమును తూలు సాగుచు, నిలుచున్నపుడును, రద్దీలోను, కదలు మగ్గముల యెదుటను హెచ్చుచుండినచో దానిని ప్రత్యేకమైన వ్యాధిగా గుర్తింపవలెనని బారానీ పేరిట వెలసిన వైద్యసంఘము 2017లో లక్షణములు నిర్ణయించినది. ఇది మతిభ్రమణము కాదు, నటన అంతకంటెను కాదు. పరీక్షలలో ఏమియు కనబడకుండుట ఈ వ్యాధి స్వభావమే.

దీనికి చికిత్స విశ్రాంతి యనుకొందురు. మా యభిప్రాయమున అదియే పెద్ద పొరపాటు. మంచము పట్టినచో మెదడు సర్దుకొనుట నేర్వదు. ఇంగ్లండులో 1940 దశకమున కాథోర్న్, కుక్సీ అను వైద్యులు ఇందుకై వ్యాయామములు ఏర్పరచిరి. వానినుండి వచ్చిన సాధనలు ఫిజియోథెరపీవారు నేటికిని నేర్పుదురు. కూర్చుండి, చాచిన చేతి బొటనవ్రేలిపై చూపు నిలిపి తలను మెల్లగా అటునిటు త్రిప్పవలెను. పిదప గోడదాపున నిలిచి, తోడొకరుండగా చేయవలెను. పిదప నడచుచు తల త్రిప్పవలెను. మొదట కొంచెము తిరుగుట హెచ్చును. దానికి బెదరి మానరాదు. తల తిరుగుట నణచు బిళ్లలు తొలి దినములకే. నెలల తరబడి వాడినచో మెదడు సర్దుకొనుట ఆలస్యమగును. దిగులు కమ్మినపుడు నాలుగు లెక్కించుచు గాలి పీల్చి ఆరు లెక్కించుచు విడుచుట మాకు మేలు చేసినది. అది చాలనివారికి మనోవైద్యుల సలహాయు, మందులును కలవు. 14416 అను టెలి మానస్ నంబరునకు ఫోను చేసినచో తెలుగులోనే మాటలాడవచ్చును, రుసుము లేదు.

ఒక హెచ్చరిక మాత్రము. తల తిరుగుటతోపాటు మాట తడబడుట, ముఖము వంకరపోవుట, వస్తువులు రెండుగా కనబడుట, కాలుసేతులు పట్టు తప్పుట, ఎన్నడును ఎరుగని తలనొప్పి, నిలువనే లేకపోవుట, ఉన్నట్టుండి చెవి వినబడకుండుట వీనిలో ఏది యున్నను ఈ వ్యాసమును ప్రక్కన బెట్టి తక్షణము ఆసుపత్రికి పోవలెను; వాహనము లేనిచో 108కి ఫోను చేయవలెను.

ఆ బాలిక తల్లిని చెవి వైద్యులకు చూపించితిమి. రవ్వలు ఎప్పుడో సర్దుకొన్నవనియు, మిగిలినది భయమనియు వారు చెప్పిరి. బాలిక సాయంకాలము బడినుండి రాగానే తల్లిని చేయిపట్టి మొదట గుమ్మము వరకును, తరువాత సందు మొగ వరకును నడిపించెను. ఈ యేడు తలిదండ్రుల సభను మేడమీది హాలునుండి క్రింది వరండాలోనికి మార్చి, గోడప్రక్కను కుర్చీలు వేయించితిమి. ఆమె వచ్చినది. మధ్యలో ఒకసారి లేచి గోడకు చేయి యాన్చి నిలిచి, మరల కూర్చుండి, కుమార్తె మార్కుల పట్టీ తీసికొని పోయినది.