చాలాకాలం కదలని కారు: స్టీరింగ్ బరువెక్కితే ఏం చేయాలి?

మా ఆపా కుమారుడు మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఉద్యోగి. కంపెనీ పనిమీద తొమ్మిది నెలలు అమెరికా వెళుతూ, కొండాపూర్‌లోని తన ఫ్లాటు సెల్లార్‌లో నిలిపిన కారు తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "మామూ! వారానికొకసారి కారు బయటికి తీయండి" అన్నాడు. మద్రసా పాఠాలలో, పరీక్షల పనులలో పడి నేను ఆ మాట మరచిపోయాను.

ఏడు నెలల తర్వాత ఆపాను గచ్చిబౌలిలోని ఆసుపత్రికి తీసుకువెళ్లవలసి వచ్చింది. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. పక్క ఫ్లాటు యువకుడు తన కారు నుంచి కేబుల్ తగిలించి ఇంజిన్ స్టార్ట్ చేయించాడు. ఎదుట స్టీరింగ్ గుర్తుతో పసుపు దీపం వెలుగుతూనే ఉంది. చూశాను; చూసి కూడా పట్టించుకోలేదు. సెల్లార్ ర్యాంపు మలుపులో రెండు చేతులతో బలంగా తిప్పినా చక్రాలు తగినంత తిరగలేదు. గట్టిగా బ్రేకు వేశాను. గోడకు జానెడు దూరంలో కారు ఆగింది. ర్యాంపు పైన పిల్లలు ఆడుకుంటున్నారు. ఆ రోజు మేము ఆటోలో ఆసుపత్రికి వెళ్లాము.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి ఆ చుట్టుపక్కల అపార్టుమెంట్లు పెరిగాయి, వాటి సెల్లార్లు కార్లతో నిండాయి. 2020 లాక్‌డౌన్‌లో ఉద్యోగులు ఇళ్ల నుంచే పనిచేయగా, ఎన్నో కార్లు నెలల తరబడి కదలలేదు. నేటికీ విదేశాలకు వెళ్లినవారి కార్లు అలాగే నిలిచి ఉంటున్నాయి. కనుక ఈ విషయం ప్రతి కుటుంబానికీ ఉపయోగపడుతుంది.

మరునాడు వచ్చిన మెకానిక్ బానెట్ ఎత్తకముందే, "మౌలానా! ముందు టైర్లు చూడండి, ఆ తర్వాతే స్టీరింగును తప్పుపట్టండి" అన్నాడు. ముందు టైర్లలో గాలి సగానికి తగ్గింది. గాలి తగ్గిన టైరు నేలను ఎక్కువగా పట్టుకుంటుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. ఎంత గాలి ఉండాలో సాధారణంగా డ్రైవరు తలుపు చట్రం మీద అంటించిన చీటీలో ఉంటుంది.

రెండవది బ్యాటరీ. నేటి చిన్న కార్లలో ఎక్కువగా ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఉంటుంది; ఒక మోటారు మన చేతికి బలాన్నిస్తుంది. విద్యుత్తు చాలకపోతే ఆ సహాయం తగ్గుతుంది లేదా ఆగిపోతుంది. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12కు దిగితే చార్జి చాలావరకు అయిపోయినట్లే. టెర్మినళ్లపై పేరుకున్న తెల్లని పొడిని, ఎలుకలు కొరికిన తీగలను కూడా చూడాలి. బ్యాటరీ మార్చిన తర్వాత కొన్ని కార్లలో స్టీరింగును రెండు చివరలకూ ఒకసారి తిప్పి, కొద్ది దూరం నడిపిన పిమ్మటే దీపం ఆరుతుంది. అప్పటికీ ఆరకపోతే స్కానర్ ఉన్న వర్క్‌షాపుకే వెళ్లాలి.

మూడవది, హైడ్రాలిక్ స్టీరింగ్ ఉన్న పాత కార్లలో ఆయిల్. ఇంజిన్‌తోపాటు తిరిగే బెల్టు పంపును నడుపుతుంది. పంపు ఆయిల్‌ను ఒత్తిడితో నెడుతుంది. కారు చాలాకాలం నిలిచిపోతే రబ్బరు సీళ్లు గట్టిపడి ఆయిల్ కారవచ్చు, బెల్టు పగలవచ్చు. కారు కింద మరకలున్నాయేమో, డబ్బాలో మట్టం తగ్గిందేమో చూడండి. తిప్పినప్పుడు కీచుమంటే బెల్టును, మూలుగుతూ ఆయిల్ నురుగెత్తితే లోపల చేరిన గాలిని అనుమానించాలి. ఆ గాలిని తీయడానికి ముందు చక్రాలను స్టాండ్లపై భద్రంగా లేపి, ఇంజిన్ ఆపి, ఆయిల్ మట్టం తగ్గకుండా పోస్తూ స్టీరింగును రెండు చివరలకూ మెల్లగా పలుమార్లు తిప్పుతారు. కారు పుస్తకంలో చెప్పిన ఆయిలే వాడాలి. బ్రేక్ ఆయిల్ ఎన్నడూ పోయరాదు. ఇంజిన్ నడుస్తుండగా స్టీరింగును చివరి దాకా తిప్పి అలాగే పట్టుకొని ఉంచకూడదు.

ఇవన్నీ సరిగా ఉన్నా బరువు తగ్గకపోతే, లేక మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాకపోతే, జాయింట్లు తుప్పుపట్టి ఉండవచ్చు. అది మెకానిక్ పని. అంతవరకు కారును రోడ్డుపైకి తేవద్దు. దగ్గరే గదా అనుకొని నేను చేసిన సాహసం మీరు చేయవద్దు.

నివారణ సులభం. వారానికొకసారి అరగంటసేపు నడపండి. నిలిపిన చోటే రెండు నిమిషాలు స్టార్ట్ చేస్తే బ్యాటరీ నిండదు. నెలకు పైగా నిలపవలసి వస్తే, కారు పుస్తకం చూసి బ్యాటరీ నెగటివ్ తీగను విప్పించండి. టైర్లలో గాలి నింపించండి.

మేనల్లుడు తిరిగి వచ్చేసరికి కొత్త బ్యాటరీతో, నిండు గాలితో కారు సిద్ధంగా ఉంది. జరిగినదంతా అతనికి చెప్పి, క్షమించమన్నాను. అతడు నవ్వి ఊరుకున్నాడు. కానీ అమానత్ గురించి ఏటేటా విద్యార్థులకు పాఠం చెప్పే నేను, ఏడు నెలలు తాళంచెవిని మాత్రమే భద్రపరిచాను, కారును మరచాను.