ఐర్లండ్ కిటికీ వెలుగులో మన రాళ్ల నగలు
(రేడియో ప్రసంగ పాఠం)



చేత్తో చేసిన రాళ్ల నగలను ఇంట్లోనే ఎలా ఫొటో తీసుకోవాలన్నది ఈ వారం విషయం. "ఫోన్ తీసి నొక్కితే చాలదా, దానికో ప్రసంగం ఎందుకు?" అని మీలో కొందరు అనుకోవచ్చు. అందుకని ముందుగా మనం ఉంటున్న ఈ దేశంలోనే జరిగిన ఒక దొంగతనం గురించి చెప్తాను.

1907 జూలై 6న డబ్లిన్ కాజిల్‌లో సేఫు తెరిచి చూస్తే లోపల నగలు లేవు. ఐరిష్ క్రౌన్ జ్యూయెల్స్ అని పేరుపడ్డ నక్షత్రం, పతకం అవి. వజ్రాలు, కెంపులు, పచ్చలు పొదిగి 1831 నాటికి లండన్‌లో తయారుచేయించారు. మరో నాలుగు రోజుల్లో ఎడ్వర్డ్ రాజు డబ్లిన్ రావలసి ఉంది. ఇవాళ్టి వరకూ అవి దొరకలేదు. కానీ అప్పట్లో పోలీసులు బొమ్మలతో సహా నోటీసు వేశారు కాబట్టి, వందేళ్లు దాటినా అవి ఎలా ఉండేవో మనకు తెలుసు. వాటి బాధ్యత చూసే సర్ ఆర్థర్ విక్కర్స్ తల్లిగారి నగలు కూడా అదే సేఫులో ఉండేవి. అవీ పోయాయి.

రాజుగారి నగలకైతే బొమ్మలు వేయించేవాళ్లు ఉంటారు. అమ్మ నగలకు ఆ పని మనమే చెయ్యాలి. మెషీను మీద చేసిన గొలుసులాంటివి బజారులో వేలకొద్దీ ఉంటాయి. ఊళ్లో ఆచారిగారు కూర్చుని చేసిన పచ్చల హారం మాత్రం ఒక్కటే. అందులో ఒక కెంపు కాస్త ఒరిగి ఉంటుంది, ఒక ముత్యం పూర్తిగా గుండ్రంగా ఉండదు. ఇది మా నగే అని పోలీసులకో, ఇన్సూరెన్స్ వాళ్లకో చూపించాలంటే ఆ గుర్తులే ఆధారం. పెళ్లిలో దిగిన ఫొటోలో అవేవీ కనపడవు. తళతళ తర్వాత చూసుకోవచ్చు, ముందు నగ గుర్తుపట్టేట్టు ఉండాలి.

ఇక వెలుతురు సంగతి. ఐర్లండ్‌లో ఎప్పుడూ మబ్బే అని మనమంతా విసుక్కుంటాం. నగల ఫొటోకి మాత్రం ఈ మబ్బు వరం. బంగారం అద్దం లాంటిది. ఎదురుగా ఏముంటే దాన్నే చూపిస్తుంది. ఎండలో పెడితే అక్కడక్కడా తెల్లటి మచ్చలు, మిగతాదంతా నల్లటి నీడలు. మబ్బు పట్టిన ఆకాశం పెద్ద తెల్లటి గొడుగులాగా నాలుగు వైపుల నుంచీ మెత్తటి వెలుతురునిస్తుంది. స్టూడియోల వాళ్లు డబ్బు పెట్టి కొనుక్కునే వెలుతురు అదే.

కాకపోతే వేళ చూసుకోవాలి. డబ్లిన్‌లో డిసెంబరులో పగలు ఏడున్నర గంటలే. మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు పదమూడు డిగ్రీల ఎత్తుకు మించడు. అదే రోజుల్లో విజయవాడలో యాభై డిగ్రీల ఎత్తున ఉంటాడు. అందుకని చలికాలంలో పదకొండు నుంచి రెండింటి లోపల పని ముగించుకోండి. ఉత్తరం వైపు కిటికీ ఉంటే మరీ మంచిది, ఎండ నేరుగా పడదు.

కిటికీ పక్కన బల్ల వేసి, మెరుపు లేని తెల్ల కాగితమో, బూడిదరంగు కాగితమో పరవండి. నగను దాని మీద పెట్టి, కిటికీకి ఎదురు వైపున ఒక తెల్ల అట్టముక్క నిలబెట్టండి. నీడ పడిన వైపుకి అది వెలుతురు తిప్పి పంపిస్తుంది. ఎండ వచ్చేస్తే కేకుల కింద పరిచే బేకింగ్ పేపరు కిటికీకి అంటించండి. గదిలో బల్బులన్నీ ఆర్పెయ్యండి. ఇది చాలామంది మర్చిపోతారు. పగటి వెలుతురు నీలంగా, బల్బు వెలుతురు పచ్చగా ఉంటాయి. రెండూ కలిస్తే కెమేరా ఏ రంగు నమ్మాలో తేల్చుకోలేదు. ఎర్ర స్వెటర్ వేసుకుని తీస్తే ఆ ఎరుపూ బంగారంలో పడుతుంది. తెలుపో, నలుపో వేసుకోండి.

రాయిని బట్టి పద్ధతి కొంచెం మారుతుంది. వెనక వైపు తెరిచి ఉన్న ఉంగరంలోని నీలం, కెంపు లాంటివాటికి వెనక నుంచి కాస్త వెలుతురు వెళ్తే లోపలి రంగు పలుకుతుంది. రాయి కింద తెల్లకాగితం ముక్క పెడితే చాలు. మన కుందన్ పనిలో రాయి వెనక రేకు ఉంటుంది, వెలుతురు అవతలికి పోదు. అలాంటి నగకి ముందు నుంచి, కొంచెం పక్కగా వెలుతురు పడాలి. ఫోన్‌ని అటూ ఇటూ వంచి చూస్తే ఒకచోట రాయి రంగు నిండుగా కనపడుతుంది. ముత్యాలకు కిటికీ వెలుతురొక్కటే చాలు. రవ్వలకు మాత్రం మెత్తటి వెలుతురులో మెరుపు రాదు. కిటికీ వెలుతురుకి తోడు చిన్న టార్చి ఒకటి దూరం నుంచి వేసి ఇంకో ఫొటో తీయండి. టార్చి రంగు కలుస్తుంది కనుక, రంగు చూపించడానికి మొదటి ఫొటోనే ఉంచుకోండి.

ఫోన్‌ని నగ మీదికి మరీ దగ్గరగా తీసుకెళ్లకండి; ఆకారం వంకరపోతుంది, ఫోన్ నీడా పడుతుంది. ఒక అడుగు దూరంలో ఆనించి పెట్టి, రెండింతలు జూమ్ చేసి, రెండు సెకన్ల టైమరు పెట్టండి. చెయ్యి కదలకుండా ఉంటుంది. తెర మీద రాయిని తాకి, వెలుతురు కొంచెం తగ్గించండి. అందంగా చేసే ఫిల్టర్ల జోలికి పోకండి. ఇంట్లో నగలు చేసి అమ్ముకునేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. ఫొటోలో ఒక పచ్చ, పార్సిల్లో ఇంకో పచ్చ అయితే కొన్నవాళ్లు తిప్పి పంపిస్తారు.

రాయిని నిదానంగా చూడటం వల్ల ఏం తెలుస్తుందో చెప్పడానికి డబ్లిన్‌లోనే ఇంకో కథ ఉంది. 1945లో రిచర్డ్ టాఫ్ అనే రత్నాల నిపుణుడు ఇక్కడ ఒక నగల వ్యాపారి దగ్గర పాత రాళ్లు కొన్ని కొన్నాడు. వాటిలో లేత ఊదారంగు రాయి ఒకటి స్పినెల్‌లాగా కనపడింది. స్పినెల్‌లో చెక్కిన అంచులు ఒంటిగానే కనిపించాలి. ఇందులో రెండేసిగా కనిపించాయి. అనుమానం వచ్చి లండన్ పంపిస్తే, అప్పటివరకూ ఎవరికీ తెలియని ఖనిజమని తేలింది. 1951లో దానికి టాఫైట్ అని ఆయన పేరే పెట్టారు. మన డబ్బాలో అలాంటివి దొరుకుతాయని చెప్పడం లేదు. కానీ ఫొటోని పెద్దది చేసి చూసినప్పుడు రాయి లోపలి గీత, మచ్చ కనిపిస్తే దాన్ని చెరిపెయ్యకండి. పోయిన నగ దొరికితే అదే సాక్ష్యం చెప్తుంది.

ఫొటోకి ముందు శుభ్రం చేయాలంటే పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. కుందన్ నగను నీళ్లలో ముంచితే రేకు వెనక తడి చేరి రాయి నల్లబడుతుంది. ముత్యాలకీ, పచ్చలకీ సబ్బునీళ్లు వద్దు. పచ్చలకు చాలావరకు నూనె పట్టించి ఉంటారు, అది పోతే పగుళ్లు తేలతాయి.

ఒక్కో నగకి అయిదు ఫొటోలు చాలు. ముందు వైపు మొత్తం, వెనక వైపు మొత్తం, కొక్కెం, హాల్‌మార్కు ముద్ర, గుర్తుపట్టగలిగే ఒక రాయి. ఒక ఫొటోలో పక్కన ఒక యూరో నాణెం పెట్టండి. దాని వెడల్పు 23.25 మిల్లీమీటర్లు కాబట్టి నగ కొలత తెలిసిపోతుంది. బరువు, ఎవరు చేశారు, ఎప్పుడు, ఎవరిచ్చారు అన్నవి రాసి జతచెయ్యండి. ఒక కాపీ ఇంటి బయట, అంటే ఊళ్లో అన్నయ్య దగ్గరో, ఇంకెక్కడో ఉంచండి. ఫోన్లో మాత్రమే ఉన్న ఫొటో ఫోన్‌తోపాటే పోతుంది. ఇన్సూరెన్స్ కాగితాల్లో విడివిడిగా రాయించాల్సిన నగలేవో కంపెనీని అడిగి తెలుసుకోండి.

పని మొదలుపెట్టే రోజున పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. అట్టముక్క వాళ్లు పట్టుకుంటారు. ఇది అమ్మమ్మది, ఇది నాయనమ్మ పెట్టింది అని మీరు చెప్తుంటే వాళ్లే రాసుకుంటారు. నగ ఎవరి దగ్గరికి చేరినా ఆ మాటలు దానితోపాటు వెళ్తాయి.