కుండీలో పచ్చటి పాచి

తొలకరి వానలు పడగానే మీరు ఒక పాత కుండీలో మట్టి నింపి టమాటా గింజలు చల్లారనుకోండి. పొద్దున లేవగానే ఒకసారి, బడినుంచి రాగానే మరొకసారి చెంబెడు నీళ్ళు పోశారు. వారం తిరిగేసరికి లేత మొలకలు తలలెత్తాయి. మీ సంతోషానికి అంతులేదు. మరికొన్ని రోజులకు చూస్తే మొలకల చుట్టూ మట్టిమీద పచ్చటి పొర! వేలితో తాకితే జిగటగా జారుతోంది. "అయ్యో, నా మొక్కలకు ఏదో జబ్బు పట్టింది!" అని మీరు కంగారు పడతారు.

కంగారు పడకండి. ఆ పొర మీకు కొత్తదేమీ కాదు. వానాకాలంలో బావి గట్టుమీద, నీళ్ళతొట్టి గోడలకు, పెరటి బండలమీద పట్టే పాచి కూడా ఇటువంటిదే. శాస్త్రజ్ఞులు ఈ జీవులను శైవలాలు అంటారు.

శైవలాలకు వేరు, కాండం, ఆకు, పువ్వు ఏవీ ఉండవు. మట్టిమీద పెరిగే చాలా శైవలాలకు శరీరమంతా ఒకే ఒక కణం! క్లోరెల్లా అనే శైవలాన్ని తీసుకోండి. దాని కణాలను వంద వరుసగా పేర్చినా ఆ వరుస ఒక మిల్లీమీటరు దాటదు. అయినా ఆ చిన్న కణంలో పత్రహరితం ఉంది. అందుకే అది సూర్యరశ్మి సాయంతో నీటినుంచి, బొగ్గుపులుసు వాయువునుంచి తన ఆహారాన్ని తానే తయారు చేసుకుంటుంది. లక్షలాది కణాలు ఒకచోట చేరితేనే మన కంటికి పచ్చటి పొరగా కనబడుతుంది.

పాచిని ఎవరు చల్లారు?

మీరు చల్లినవి టమాటా గింజలే కదా! మరి పాచి ఎక్కడినుంచి వచ్చింది? కొంత గాలిలో దుమ్ముతోబాటు వచ్చి పడుతుంది. కొంత మీరు పోసే నీటిలో ఉంటుంది. చాలా భాగం ముందునుంచీ మట్టిలోనే నిద్రపోతూ ఉంటుంది.

ఈ నిద్ర ఎంత గట్టిదో తెలుసా? ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఎండుమట్టిని సీసాలలో దశాబ్దాల తరబడి దాచి ఉంచారు. మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త అటువంటి పాత మట్టిని తీసుకుని తేమ, వెలుతురు తగిలేలా ఉంచింది. ఆ మట్టిలోనుంచి శైవలాలు మళ్ళీ మొలకెత్తాయి! 1919లో ఆమె ఈ సంగతి ప్రకటించింది. కాబట్టి మట్టిలో పాచి అన్నది లేకుండా చేయడం మన తరం కాదు. అది నిద్ర లేవకుండా చూడడమే మన పని.

దాన్ని నిద్రలేపేవి రెండు: వెలుతురు, తడి. లేత మొలకలున్న కుండీలో ఈ రెండూ పుష్కలంగా దొరుకుతాయి. మొలకలకు ఉన్నవి రెండు మూడు చిన్న ఆకులే గనుక ఎండ నేరుగా మట్టిమీద పడుతుంది. వేర్లు కూడా చిన్నవే గనుక అవి పీల్చుకునే నీరు చాలా తక్కువ. మీరు పోసిన నీరు మట్టిలోనే నిలిచిపోతుంది. అదే ఎదిగిన మొక్కయితే ఆకులతో మట్టికి నీడ పడుతుంది, వేర్లు నీటిని త్వరగా తాగేస్తాయి. పెద్ద మొక్కల కుండీలలో పాచి తక్కువగా ఉండడానికి కారణం ఇదే.

మొక్కకు హాని చేస్తుందా?

పాచి మొక్క రసం పీల్చదు. ఎరువులో కొద్దిభాగం అది వాడుకున్నా, ఆ నష్టం స్వల్పమే. కాని పొర మందంగా ఎదిగితే మట్టిమీద మూతలా అడ్డుపడి, గాలి లోపలికి సరిగా పోనివ్వదు. పాచి ఉన్నచోటికి చిన్న చిన్న నల్ల ఈగలు చేరి మట్టిలో గుడ్లు పెడతాయి. ఆ గుడ్లనుంచి వచ్చిన పురుగులు లేత వేర్లను కూడా కొరుకుతాయి.

అసలు ప్రమాదం పాచి కాదు, పాచిని పెంచిన తడి. మట్టిరేణువుల మధ్య ఖాళీలన్నీ నీటితో నిండితే వేర్లకు ప్రాణవాయువు అందదు. పైగా ఆ తడిలో పిథియం వంటి బూజు జాతి జీవులు విజృంభిస్తాయి. వాటినుంచి పుట్టే బీజకణాలు నీటిలో ఈదుకుంటూ వెళ్ళి మొలకను అంటుకుంటాయి. నిన్నటిదాకా నిటారుగా నిలిచిన మొలక తెల్లవారేసరికి మొదలు మెత్తబడి వాలిపోతుంది. రైతులు దీన్నే నారుకుళ్ళు తెగులు అంటారు. వాలిన మొలక మళ్ళీ లేవదు. పాచి ఎక్కువగా పట్టిందంటే, "నీళ్ళు ఎక్కువయ్యాయి" అని మీకు ముందుగా కబురందినట్లే!

అప్పుడు ఏం చేయాలి? ఒక పుల్లతో పైపొరను మెల్లగా గీకి తీసేయండి. వేర్లు కదలకూడదు సుమా! కుండీ అడుగున రంధ్రం పూడిపోయిందేమో చూడండి. పైమట్టి రంగు తేలి, వేలికి పొడిగా తగిలాకనే నీళ్ళు పోయండి. మట్టిమీద పలుచగా ఇసుక పరిస్తే పైభాగం త్వరగా ఆరుతుంది. మొలకలు గుంపుగా ఉంటే కొన్నింటిని తీసి వేరేచోట నాటండి.

మీరే చేసి చూడండి

అడుగున రంధ్రం చేసిన మూడు కొబ్బరిచిప్పలు తీసుకోండి. మూడింటిలోను ఒకే మట్టి నింపండి. గింజలు వేయవద్దు. మొదటి దానిలో రోజూ నీరు పోయండి. రెండవ దానిలోనూ అంతే నీరు పోసి, వెలుతురు సోకకుండా డబ్బా బోర్లించండి. మూడవ దానిలో పైమట్టి ఆరిన తరువాతనే నీరు పోయండి. మూడింటినీ వెలుతురు వచ్చే ఒకేచోట ఉంచి, రెండు మూడు వారాలపాటు ఏ రోజు ఏమి కనబడిందో నోటుపుస్తకంలో రాసుకోండి. ఏ చిప్ప పచ్చబడుతుందో ఇప్పుడే ఊహించగలరా?

ఇంకొక్క మాట. కుండీలో మనం వద్దనుకునే ఈ తడి, ఈ వెలుతురే వరిమడిలో మేలు చేస్తాయి. అక్కడ నీలి ఆకుపచ్చ శైవలాలు అనే జీవులు పెరుగుతాయి. ఇప్పుడు శాస్త్రజ్ఞులు వీటిని బాక్టీరియాలలో చేర్చారు. వీటిలో కొన్ని గాలిలోని నత్రజనిని పట్టి మట్టికి అందిస్తాయి. వరిచేలలో ఇవి చేసే ఈ మేలును 1939లో పి.కె. డే అనే మన శాస్త్రజ్ఞుడు వెల్లడించాడు. వరి నీటిలో నిలబడి బతకగలదు. మీ టమాటా మొలక బతకలేదు. అందుచేత రేపు ఉదయం చెంబు ఎత్తే ముందు, ఒకసారి మట్టిని ముట్టి చూడండి.